తల్లిగారింటి పండుగ

రాకపోకలు లేని బంధుత్వము తోడని బావి వంటిది. అడుగున నీరుండవచ్చును గాని వాడుక లేని నీరు క్రమముగా చెడును. ఈ సంగతి నెఱిగియే మన పెద్దలు పండుగలను దేవతార్చనములుగా మాత్రమే గాక బంధుదర్శనములుగా కూడ నేర్పఱచిరి. ఏటి కొకమాఱైనను అన్న యింటికి చెల్లెలు, తాత యొద్దకు మనుమలు, పల్లెకు పట్టణవాసులు వచ్చి యొకరి మంచిచెడ్డల నొకరు కన్నులార చూచుకొనవలయునని వారి తలంపు. జాబు దాచినదానిని, ఇప్పటి కాలమున చేతిలోని ఫోను దాచినదానిని, ఒక్కపూట కలిసి భుజించుట బయటపెట్టును. తండ్రికి చూపు మందగించిన సంగతి, తమ్మునికి అప్పులు పెరిగిన సంగతి, మేనకోడలి చదువు నడుమ నిలిచిపోయిన సంగతి ఇంటికి పోయి చూచినవారికే తెలియును.

దసరా సెలవులు ముగిసిన పిమ్మట ప్రతి గృహమునందును కొన్నాళ్లు ఈ రాకపోకల వార్తలే వినబడును. ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు, ఎవరి కేమి పెట్టిరి, పిల్ల లెంత యెదిగిరి అని యాడువారును మగవారును చెప్పుకొందురు. ఈ వార్తలలో ఒకటి ఇటీవల తఱచుగా వినవచ్చుచు మమ్ము నీ వ్యాసమునకు పురికొల్పినది. "వారి ఆడబిడ్డ ఈ యేడు బతుకమ్మకు రాలేదు" అని యొకరందురు. ఏల రాలేదని మఱియొక రడుగుదురు. "భూమి పంచాయితి" అని బదులు వచ్చును. అంతటితో మాట ముగియును. విన్నవారు తలలూపి వేఱు ప్రసంగమునకు పోవుదురు. ఇది యింత సామాన్యమైన సంగతి యగుటయే మాకు ఆశ్చర్యమును, విచారమును కలిగించుచున్నది.

ఇందు విచారింపదగిన ధర్మప్రశ్న యొకటి కలదు. ఆడబిడ్డను పండుగకు పిలిచి, కడుపునిండ పెట్టి, చీర పెట్టి పంపుట తల్లిగారింటివారి ప్రేమకు గుఱుతు. తాతతండ్రుల యాస్తిలో ఆమె భాగము నామెకిచ్చుట న్యాయము. మొదటిది చేసినవారికి రెండవది చేయనక్కఱ లేదా? ఆదరణ న్యాయమునకు బదులు కాగలదా? రెండును కోరిన స్త్రీ అత్యాశాపరురాలా? లోకము దీనికి నోటితో ఒక సమాధానమును, చేతితో మఱియొక సమాధానమును చెప్పుచున్నది. కావున విషయమును మొదటినుండి పరిశీలింతము.

హైదరాబాదునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములను తీసికొందము. ఇవి యొకనాడు జొన్నచేలకును, ద్రాక్షతోటలకును పేరుపడిన పల్లెసీమలు. 1900 ప్రాంతమున సికింద్రాబాదునుండి మన్మాడునకు వేసిన గోదావరీలోయ రైలుమార్గము మేడ్చల్ మీదుగా పోయినది. నాగపురమునకు పోవు జాతీయ రహదారి మేడ్చలును, కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి శామీర్‌పేటను తాకుచు సాగును. 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీవలన శామీర్‌పేట, తుర్కపల్లి పరిసరములందు మందుల పరిశోధనశాలలును టీకాల కర్మాగారములును వెలసినవి. 2018 నాటికి పూర్తియైన 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ రెండు ఊళ్లను నగరమునకు కట్టివేసినది. 2016 అక్టోబరులో మేడ్చల్ పేర ప్రత్యేక జిల్లాయే యేర్పడినది. 2023 ఏప్రిలులో సికింద్రాబాదు నుండి మేడ్చల్ వఱకు, సుమారు 28 కిలోమీటర్ల దూరము, ఎమ్.ఎమ్.టి.ఎస్. లోకల్ రైళ్లు నడువ నారంభించినవి. తాతల నాడు ఎకరములలోను గుంటలలోను కొలిచిన భూమిని నేడు గజములలో కొలుచుచున్నారు. ఈ యొక్క మార్పులోనే మా ప్రశ్నకు మూలమున్నది.

దారులు సులభమైనకొలది చుట్టఱికము చేయు కాలము తగ్గినది. పూర్వము ఎడ్లబండిలో గాని, మీటరుగేజి రైలులో గాని తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డ పదిదినములైన నుండెడిది. మొదటి దినమున ఆమె యతిథి. మూడవ దినమునకు వంటయింట చేయి కలిపెడిది. అయిదవ దినమునకు తల్లితో రహస్యములు, వదినెతో చిన్న జగడము, అన్నతో ఇంటి లెక్కలు అన్నియు నడచెడివి. పోవునాటికి ఆమె మరల ఆ యింటి మనిషి యయ్యెడిది. ఇప్పుడు కారులో ఉదయము వచ్చి, భోజనముచేసి, ఛాయాచిత్రములు తీయించుకొని, పిల్లల పరీక్షలున్నవని రాత్రికి వెడలిపోవు ఆడబిడ్డ మొదటినుండి చివఱవఱకు అతిథియే. అతిథికి మర్యాద జరుగును. అతిథితో ఇంటి సంగతులు మాత్రము ఎవరును మాటలాడరు. అతిథికి వడ్డింతురు గాని గాదెలో ఎంత యున్నదో చెప్పరు. కూతురు ఇంటి మనిషియా, అతిథియా అను ప్రశ్న యిచ్చటనే పుట్టుచున్నది. అతిథియైనచో ఆమెకు గౌరవము చాలును. ఇంటి మనిషియైనచో గౌరవముతోపాటు భాగమును కలదు.

మన ప్రాంతపు ఆచారము దీనికేమి సమాధానము చెప్పుచున్నదో చూడుడు. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలుకొని అష్టమినాటి సద్దుల బతుకమ్మవఱకు తొమ్మిదినాళ్లు తెలంగాణమందంతటను జరుగు పండుగ ముఖ్యముగా ఆడబిడ్డల పండుగ. తెలంగాణ ప్రభుత్వము 2014లో దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించినది. మగవారును బాలురును తంగేడు, గునుగు పూలు కోసి తెత్తురు. స్త్రీలు వానిని వరుసలుగా పేర్చి, పైని పసుపు గౌరమ్మను నిలిపి, సాయంకాలము చెఱువుగట్టున చుట్టు తిరిగి యాడుదురు. ఇంటింటి సద్దులును మలీదయు ఒకరి దొకరికి పంచుకొందురు. ఏ యొక్క యిల్లాలిపైనను బరువంతయు పడకుండ పదియిండ్ల చేతులు కలిసినపుడే ఈ పండుగ శోభించును. శామీర్‌పేట పెద్దచెఱువు గట్టుపై నిలిచి ఆ దృశ్యమును చూచినవారికి పండుగ యనగా నేమో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ తొమ్మిదినాళ్లలో ఆఱవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్వరు, ఆట యాడరు. గౌరమ్మ కేదియో మనసు నొచ్చినదని యూరకుందురు. అలుక తీఱినదని మరునాడు మరల పేర్తురు. దేవతకు అలుగుటకొక దినమును విడిచిపెట్టి, ఆ యలుకను పండుగలో నొక భాగముగా గౌరవించిన జనులు, తమ యింట పుట్టిన ఆడుబిడ్డ ఏటి కొక్కమాఱు "నాకు న్యాయము జరుగలేదు" అని నోరు తెఱచినచో సహింపలేకున్నారు. గౌరమ్మ యలిగినచో వేచియుందురు. చెల్లె లలిగినచో తలుపు మూయుదురు.

మఱియొక యాచారము ఒడిబియ్యము. పెండ్లియైన కూతురిని పిలిచి, కొత్తచీర కట్టబెట్టి, పసుపు కలిపిన బియ్యమును ఆమె యొడిలో పోయుట తెలంగాణపు గృహములలో నేటికిని నడచుచున్నది. బియ్యమే యేల పోయవలయును? మా యభిప్రాయమున, ఇంటి పంటలో ఆమె కింకను పాలు కలదని పదిమంది యెదుట ఒప్పుకొనుటయే దాని భావము. కూతురిని పరాయిదానిగా నెంచినచో ఆమె యొడిలో ఇంటి గింజలు పోయుట కర్థము లేదు. గింజలు పోయువారు ఆ గింజలు పండిన మడిని మఱచుట ఆచారమును పాటించుట కాదు. ఆచారమునుండి ప్రాణము తీసి పొట్టు నుంచుకొనుట.

భూమి సంగతికి పోవుటకు ముందు వంటయింటిని చూడవలయును. ఏలయనగా అన్యాయ మచ్చటనే యలవాటగును. ఆడబిడ్డ వచ్చినదన్న సంతోషమున ఆ యింటి కోడలు వేకువజామున లేచును. సకినాలు, గారెలు, సర్వపిండి, మాంసము, పులిహోర, పాయసము అన్నియు నామె చేతిమీదుగానే కావలయును. వచ్చినవారు విశ్రమింతురు, పురుషులు ముచ్చటలాడుదురు, ఆమె చివర చల్లారిన యన్నము తినును. ఆమెయు నొక యింటి ఆడబిడ్డయే. ఆమె తల్లియు గడపలో నిలిచి దారి చూచుచుండును. ఒక కూతురు తల్లిగారింటికి వచ్చుటకై మఱియొక కూతురు తల్లిగారింటికి పోకుండ నిలిచిపోవుచున్నది. ఈ యిద్దఱు స్త్రీలలో ఎవరును దోషులు కారు. అయినను ఒకరినొకరు దోషులనుగా చూచుచు జీవితమంతయు గడుపుదురు.

ఇది శాస్త్రసమ్మతమని చెప్పువారు శాస్త్రమును మరల చదువవలయును. మనుస్మృతి మూడవ యధ్యాయమున అతిథులును, తనవారును, పనివారును భుజించిన పిమ్మట మిగిలినది దంపతులు తినవలయునని యున్నది. దంపతు లనగా ఇల్లాలొక్కతె గాదు, యజమానుడు కూడ. ఆ ప్రకరణమునందే కొత్తగా కాపురమునకు వచ్చిన వధువులకును, బాలికలకును, రోగులకును, గర్భవతులకును అతిథులకంటెను ముందే సంకోచింపక పెట్టవలయునని చెప్పబడినది. మనుస్మృతిలో స్త్రీలకు ప్రతికూలమైనవి యనేకములున్నవి. వానిని సమర్థించుట మా యుద్దేశము కాదు. కాని దానిని ప్రమాణముగా చూపి కోడలిని చివరకు నిలుపువారు దానిలోని ఈ రెండు మాటలనే దాటిపోయిరని చూపుచున్నాము. భారత ప్రభుత్వపు గణాంకశాఖ 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, జీతము లేని యింటిపనిలో పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నారు. ఇది సాధారణ దినముల లెక్క. పండుగదినమున ఈ యంతర మెంత పెరుగునో ప్రతి గృహిణికిని తెలియును.

ఇప్పుడు ఆస్తి ప్రశ్నకు వత్తము. చట్టమేమి చెప్పుచున్నదో క్రమముగా తెలిసికొనుట మంచిది. 1937 నాటి చట్టము హిందూ వితంతువునకు భర్తయాస్తిలో జీవితకాలము మాత్రము అనుభవింపదగిన భాగము నిచ్చినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితములో కుమార్తెకును కుమారునితోపాటు హక్కు కలిగించినది గాని, తరతరములనుండి వచ్చిన ఉమ్మడి యాస్తిలో జన్మహక్కును కుమారులకే మిగిల్చినది. ఈ కొఱతను తీర్చుటలో ఆంధ్రప్రదేశ్ ముందడుగు వేసినది. నందమూరి తారక రామారావు ప్రభుత్వ కాలమున వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి కుమార్తెలకు సమానమగు జన్మహక్కు నిచ్చినది. అయితే అప్పటికే వివాహమైనవారిని విడిచిపెట్టినది. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి అమలైన కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండవలయునా యను సంశయమును సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తీర్చినది: హక్కు పుట్టుకతో వచ్చునది గనుక తండ్రి బ్రతికియుండుటతో దానికి నిమిత్తము లేదు. 2004 డిసెంబరు 20కి పూర్వమే సక్రమముగా ముగిసిన పంపకములను మాత్రము ఈ సవరణ కదలింపదు. న్యాయవిద్య నేర్పు నల్సార్ విశ్వవిద్యాలయము శామీర్‌పేటలోనే యున్నది. దాని చుట్టునున్న పల్లెల ఆడబిడ్డల కీ సంగతి ఎంతమందికి చేరినది?

2020లో మహమ్మారి వలన రాకపోకలు నిలిచిపోయి, ఎన్నో యిండ్లలో బతుకమ్మలు గడపదాటలేదు. ఒకరినొకరు చూడలేకపోవుట యెంత దుఃఖమో మనకు తెలిసిన యేడది. కుమార్తె యీ యింటి మనిషియే యని దేశపు అత్యున్నత న్యాయస్థానము తేటగా చెప్పినదియు ఆ యేడే. మరునాటి యేడు దారులు తెఱచుకొన్నవి. బంధువులు కన్నీళ్లతో కౌగిలించుకొన్నారు. కాని యా తీర్పు మాత్రము అనేక గృహముల గడప దాటి లోపలికి పోలేదు.

గడపలోపల జరుగుచున్నది వేఱు. పండుగ వచ్చును. ఆడబిడ్డకు నిరుటికంటె మేలైన చీర పెట్టుదురు, పిల్లలకు దుస్తులిత్తురు, అల్లునికి మర్యాద తక్కువ కాదు. భోజనము ముగిసి, తాంబూలమైన పిమ్మట అన్న మెల్లగా మాట యెత్తును. "చెల్లె, రేపు రిజిస్ట్రారాఫీసు దాక ఒకసారి రావాలె, చిన్న సంతకము." ఆమె యొక్క క్షణము మౌనముగా నుండును. "నీకు మేమేమైన తక్కువ చేసినమా?" అని వదినె కాక అన్నయే యడుగును. ఆమె తల్లివంక చూచును. తల్లి నేలవంక చూచును. "నాకెందుకన్నా, మీరు చల్లగ ఉంటే చాలు" అని యామె యనును. ఇది త్యాగమని లోకము మెచ్చుకొనును. ఆ భూమి గజ మెంత వెల పలుకుచున్నదో ఆమెకు చెప్పినవారు లేరు. కాగితమును చదివి వినిపించినవారు లేరు. కాదన్నచో వచ్చు బతుకమ్మకు పిలుపు వచ్చునో రాదో యన్న భయమొక్కటి మాత్రము ఆమెకు తెలియును. ఇట్టి త్యాగమునకు మేము త్యాగమను పేరు పెట్టలేము. ఇయ్యకుండుటకు వీలున్నపుడే ఇచ్చుట దానమగును.

దీనికి ప్రతిపక్షులు చెప్పు సమాధానములు నాలుగు. వానిని తేలికగా త్రోసివేయరాదు.

ఆమె వివాహమునకు కట్నమిచ్చితిమి, పురుళ్లు పోసితిమి, పండుగలు పెట్టితిమి; భాగమంతయు ముట్టినది గదా యని మొదటివారందురు. కట్నము 1961 నుండి చట్టవిరుద్ధము. అంతేగాక అది పోయినది వరుని యింటికి, ఆమె చేతికి గాదు. ఒక తప్పు చేసి దానిని మఱియొక బాకీకి చెల్లువేయుట ఏ లెక్కలోను లేదు. పురుళ్లును పండుగలును ప్రేమతో చేసితిమన్నచో వానికి వెల కట్టరాదు. వెల కట్టితిమన్నచో కొడుకు చదువునకును, వ్యాపారమునకును పెట్టినదానికి కూడ వెల కట్టవలయును.

తల్లిదండ్రులను ముసలితనమున చూచినవాడు కొడుకు, అప్పులు తీర్చినవాడు కొడుకు, దూరముననున్న కూతురికి సమభాగ మెట్లని రెండవవారందురు. ఈ మాటలో న్యాయమున్నది. హక్కుతోపాటు బాధ్యతయు వచ్చునని చట్టము కూడ చెప్పుచున్నది. చెల్లెలు వాటా నడుగునపుడు అన్న తీర్చిన యప్పులో తన పాలును, తల్లి యాసుపత్రి వ్యయములో తన పాలును ఒప్పుకొనవలయును. కాని యిది లెక్క వ్రాసి చూపుటకు కారణమగును గాని, లెక్కయే లేదనుటకు కారణము కాజాలదు. మఱియు నా తల్లికి మంచమువద్ద సేవచేసినది తఱచుగా కోడలే. ఆ సేవకు కొడుకు పేర వెల కట్టువారు కోడలి పేర ఒక్క గుంట వ్రాసిరా యని మేమడుగుచున్నాము.

మన యాచారమునందు లేనిదానిని ప్రభుత్వము తెచ్చిపెట్టినదని మూడవవారందురు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున అన్నదమ్ములు తమతమ భాగములనుండి నాలుగవ పాలును పెండ్లికాని తోబుట్టువుల కియ్యవలయుననియు, ఇయ్యనొల్లనివారు పతితులగుదురనియు నున్నది. ముస్లిముల ధర్మశాస్త్రము కుమార్తెకు కుమారుని భాగములో సగమును ఆదినుండియు విధించినది; అయినను వారిలోను అన్నదమ్ముల మొగము చూచి దానిని వదలుకొను వాడుక కలదు. కాబట్టి అడ్డుపడుచున్నది శాస్త్రము గాదు, మతము గాదు. భూమికి వెల పెరిగినకొలది శాస్త్రమునకు వెల తగ్గుచున్నది.

నాలుగవవారి మాట యన్నిటికంటె మృదువైనది. అందువలననే ఎక్కువమందిని లోబఱచుచున్నది. లెక్కలు వచ్చినచోట ప్రేమ నిలువదని వారందురు. దీనికి సమాధానము దసరానాడు మనము చేయు పనిలోనే యున్నది. ఆనాడు జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి నమస్కరింతుము. తోటివారిని అలాయి బలాయి యని కౌగిలింతుము. ఈ యాకు బంగారమైన కథను జనులు రఘుమహారాజు కాలమునకు ముడిపెట్టుదురు. కాళిదాసు రఘువంశమున చెప్పిన వృత్తాంత మిది: కౌత్సుడను శిష్యుడు గురుదక్షిణకై పదునాలుగు కోట్లు కోరి రఘువు నొద్దకు వచ్చెను. సర్వస్వమును దానమిచ్చి మట్టిపాత్రతో నెదురేగిన రాజు కుబేరునిపై దండెత్త సంకల్పింపగా కోశాగారమున బంగారము వర్షించెను. రాజు అంతయు తీసికొమ్మనెను. శిష్యుడు గురువున కియ్యవలసినంతకు మించి ముట్టనని పట్టుపట్టెను. అయోధ్యాపురజనులు ఇద్దఱిని మెచ్చిరి. ఇందు లెక్క యున్నది. పదునాలుగు కోట్లని స్పష్టముగ నున్నది. అడుగుటకు శిష్యుడు సిగ్గుపడలేదు, అడిగినందుకు రాజు నొచ్చుకొనలేదు. లెక్క తేటగా నుండుటవలననే ఇద్దఱి యౌదార్యమును తేటపడినది. ఎంత రావలయునో తెలియనివానికి ఎంత విడిచిపెట్టినదియు తెలియదు. ఎంత యియ్యవలయునో దాచినవాడు ఎంత యిచ్చినను దాత కాడు. ప్రేమను చంపునది లెక్క కాదు. దాచిన లెక్క.

ఈ తగవులకు విసిగి కొందఱు బంధువుల యిండ్లకు పోవుటయే మానుచున్నారు. శామీర్‌పేట చెఱువు పరిసరములందలి విహారగృహములలో గది తీసికొని, పండుగసెలవును భార్యాబిడ్డలతో గడిపి వచ్చుచున్నారు. వంటపనినుండి ఇల్లాలికి రెండునాళ్లు విశ్రాంతి దొరకినచో మేమును సంతోషింతుము. కాని తప్పించుకొనుట పరిష్కారము కాదు. అచ్చట వండి వడ్డించువారికిని ఇండ్లున్నవి, వారి తల్లులును దారి చూచుచుందురు. పల్లెలోని ముదుసలి మేనత్తకు ఏటి కొక్కమాఱు తన గడప త్రొక్కు మేనల్లుడే లోకము. ఆమెను చూడకుండ జరుపుకొన్న సెలవు విశ్రాంతి యగునేమో గాని పండుగ కాదు. రాకపోకలు నిలువవలయును, అవి నిలుచుటకే న్యాయము కావలయును.

అయినచో చేయవలసినదేమి? మాకు తోచినవి కొన్ని చెప్పెదము. మొదట, పండుగనాళ్లలో ఏ కాగితముపైనను సంతకము లడుగరాదు. చీర పెట్టిన చేతితో కలము నందించుట ఆ చీరను అవమానించుట. ఆస్తి మాటలకు వేఱు దినము నేర్పఱచి, ఆడబిడ్డకు ముందుగా తెలిపి, కాగితము నామె చదువుకొనుటకును, తెలిసినవారి నడుగుటకును వ్యవధి యియ్యవలయును. అప్పుడామె తన భాగము కొంత గాని అంతయు గాని అన్నకు విడిచినచో అది నిజమైన కానుక. పుచ్చుకొన్నచో అదియు నిజమైన న్యాయము. రెండవది, తండ్రులు తాము జీవించియుండగనే యందఱిని కూర్చుండబెట్టి ఉన్నదియు, ఋణమును, తమ కోరికయు చెప్పవలయును. తండ్రి దాచిన మౌనమే కొడుకుల చేతిలో తగవగును. మూడవది, కోడలికి తల్లిగారింటికి పోవు వంతు నిర్ణయింపవలయును; ఆడబిడ్డ వచ్చిన యేట సద్దులనాటికి ఆమె యుండినచో, మఱుసటి యేట సద్దులు ఆమె తల్లిగారింటనే కావలయును. నాలుగవది, పూలు కోసి తెచ్చుటకు సిగ్గుపడని మగవారు కూరలు తఱుగుటకును, గిన్నెలు కడుగుటకును సిగ్గుపడనక్కఱలేదు. వచ్చిన ఆడబిడ్డయు, అల్లుడును మొదటి పూట అతిథులుగా నుండి రెండవ పూటనుండి ఇంటివారు కావలయును. అందఱును ఒక్కమాఱే కూర్చుండి భుజించు పద్ధతిని ఒక్క పండుగకైన పాటించి చూడుడు. కోడలి మొగమున కలుగు మార్పే దానికి ప్రమాణము.

ఇవి కష్టములని చెప్పువారు పూర్వము కష్టములని చెప్పబడినవానిని స్మరింపవలయును. బాలికను బడికి పంపుట కష్టమన్నారు. వితంతువునకు మరల వివాహము చేయుట కష్టమన్నారు. 1930లో జోగిపేటలో ప్రథమ ఆంధ్ర మహాసభతోపాటు మహిళాసభ జరిగి, నడింపల్లి సుందరమ్మ గారు దాని కధ్యక్షత వహించినపుడు స్త్రీలు సభలో మాటలాడుట కష్టమనువారును ఉండిరి. ఆ జోగిపేట మన మేడ్చలునకు మిక్కిలి దూరము కాదు. ఆనాటి స్త్రీలు సభలో నోరు తెఱచిరి. నేటి స్త్రీలు అన్న యింటి నడుమగదిలో నోరు తెఱవవలసియున్నది. ఇది యంతకంటె కష్టమని మేమెఱుగుదుము; ఏలయనగా సభలో నెదుటివారు పరాయివారు, ఇచ్చట నెదుటివారు చిన్ననాడు చేయిపట్టి నడిపించినవారు. అందువలననే మా మాట ముఖ్యముగా అన్నదమ్ములకు. చెల్లెలు అడుగువఱకు ఆగవలదు. ఆమె యడిగినచో ఆమెకు ధైర్యము వచ్చినదందుము. అడుగకమునుపే మీరిచ్చినచో మీకు ధర్మము తెలిసినదందుము.

సోదరీ సోదరులారా, వచ్చు పెత్రమాసకు మరల తంగేడు పూయును, గునుగు తెల్లవడును, మేడ్చల్ లోకల్ రైళ్లు ఆడబిడ్డలతో నిండును. వారి యొడిలో బియ్యము పోయునపుడు ఆ బియ్యము పండిన నేలను కూడ తలచుకొనుడు. కాదన్నను తలుపు తెఱచియుండు ఇల్లే తల్లిగారిల్లు. అట్టి యింటికి వచ్చిన కూతురు మర్యాదలు చూచుకొనదు. మొదటి సాయంకాలమే కొంగు బిగించి వంటయింటిలోనికి పోయి, "వదినా, నువ్వు కూసో, నేను చేస్త" అనును.